బొమ్మకు వయసు రాదు, గొంతుకు వస్తుంది

పిల్లలూ, షించాన్ వయసెంత? ఐదేళ్లు. 1992లో జపాన్ టీవీలో మొదటిసారి కనబడ్డాడు, ఇవాళా ఐదేళ్లే. మామూలు లెక్క ప్రకారం అయితే వాడు ఈపాటికి తన పిల్లల్నే బడికి పంపుతుండాలి. మన హైదరాబాద్‌లో పుట్టిన ఛోటా భీమ్ సంగతీ అంతే. 2008లో పోగో చానల్లోకి వచ్చాడు. వాణ్ని చూస్తూ గోరుముద్దలు తిన్న పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాల్లో చేరుతున్నారు. వాడు మాత్రం ఢోలక్‌పూర్‌లో లడ్డూలు తింటూ అలాగే ఉన్నాడు.

మరి ఇలాంటి నవ్వుల బొమ్మల సీరియల్ ఎన్నేళ్లు నడవగలదు? ఆగకుండా నడుస్తూనే ఉంటుందా? ఎప్పుడైనా ఆగితే దేనివల్ల ఆగుతుంది? ఇవాళ్టి కబుర్లు దీని గురించే. ఇందులో లెక్కలున్నాయి, గొంతు శాస్త్రం ఉంది, కాస్త డబ్బు సంగతీ ఉంది. కుదురుగా కూర్చోండి, ఒక్కొక్కటీ విప్పి చెబుతాను.

ముందు ఇద్దరు మహానుభావుల్ని పరిచయం చేస్తాను. ఒకటి అమెరికాది, పేరు 'ది సింప్సన్స్'. మాట్ గ్రేనింగ్ అనే బొమ్మల రచయిత ఈ కుటుంబాన్ని పుట్టించాడు. 1987లో ట్రేసీ ఉల్‌మన్ షో అనే కార్యక్రమం మధ్యలో చిన్న చిన్న ముక్కలుగా వచ్చేది. 1989 డిసెంబరు 17న ఫాక్స్ చానల్లో అరగంట సీరియల్‌గా మొదలైంది. నాన్న హోమర్, అమ్మ మార్జ్, పదేళ్ల బార్ట్, ఎనిమిదేళ్ల లీసా, నోట్లో పాలపీక తీయని పసిపాప మ్యాగీ. అందరికీ పసుప్పచ్చ ఒళ్లు. ఊరి పేరు స్ప్రింగ్‌ఫీల్డ్. ఇప్పటికి 750 భాగాలు ఎప్పుడో దాటాయి. 1955 నుంచి 1975 దాకా అమెరికా టీవీలో 'గన్‌స్మోక్' అనే కౌబాయ్ సీరియల్ 635 భాగాలు నడిచింది. సింప్సన్స్ 2018 ఏప్రిల్‌లో ఆ రికార్డునూ దాటేసింది.

రెండోది జపాన్‌ది, 'సజాఏ సాన్'. దీని ముందు సింప్సన్స్ కూడా చిన్నపిల్లే. మచికో హసెగావా అనే ఆవిడ 1946లో పత్రిక కోసం గీయడం మొదలుపెట్టిన బొమ్మలకథ ఇది. 1969 అక్టోబరు 5న ఫుజి టీవీలో సీరియల్‌గా వచ్చింది. అప్పటినుంచీ ఆదివారం సాయంత్రం ఆరున్నరకు వస్తూనే ఉంది. సజాఏ ఓ గృహిణి. అమ్మానాన్నలు, తమ్ముడు, చెల్లెలు, భర్త, మూడేళ్ల కొడుకు తారా చాన్, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ కాలం నడుస్తున్న బొమ్మల సీరియల్ ఇదేనని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు.

సరే, ఇవి ఇంకెన్నాళ్లు నడుస్తాయి? జోస్యం చెప్పక్కర్లేదు. దీనికి ఓ లెక్క ఉంది.

బెర్లిన్ గోడ దగ్గర పుట్టిన లెక్క

రిచర్డ్ గాట్ అనే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కుర్రతనంలో, 1969లో, బెర్లిన్ గోడ చూడటానికి వెళ్లాడు. 1961లో కట్టిన ఆ గోడకు అప్పటికి ఎనిమిదేళ్లు. 'ఇది ఇంకెన్నాళ్లుంటుంది?' అన్న ప్రశ్న ఆయనకూ వచ్చింది. ఆయనకు రాజకీయాల లోగుట్లు తెలియవు. అయినా ఓ చిన్న ఊహతో జవాబు రాబట్టాడు.

మీరూ చేసి చూడండి. సుద్దముక్కతో నేల మీద ఓ గీత గీయండి. అది ఆ గోడ మొత్తం ఆయుష్షు అనుకోండి. దాన్ని నాలుగు సమభాగాలు చేయండి. ఇప్పుడు కళ్లు మూసుకుని గీత మీద ఎక్కడో ఒకచోట వేలు పెట్టండి. మీరు గోడను చూడటానికి వెళ్లిన రోజు అదే. మీ వేలు మధ్యనున్న రెండు భాగాల్లో పడటానికి అవకాశం ఎంత? నాలుగింట రెండు, అంటే సగానికి సగం. వేలు మధ్యభాగం మొదట్లో పడితే ఒక వంతు గడిచింది, మూడు వంతులు మిగిలింది. అంటే గడిచినదానికి మూడింతలు ఇంకా ఉంది. మధ్యభాగం చివర పడితే మూడు వంతులు గడిచింది, ఒక వంతు మిగిలింది. అంటే గడిచినదానిలో మూడో వంతే మిగిలింది. కాబట్టి ఒక వస్తువు ఇప్పటిదాకా ఎన్నేళ్లుందో, అందులో మూడో వంతుకూ మూడు రెట్లకూ మధ్యలో ఇంకా ఉంటుందని చెబితే, ఆ మాట నిజమయ్యే అవకాశం సగం.

ఎనిమిదేళ్ల గోడకు ఈ లెక్క వేస్తే రెండేళ్ల ఎనిమిది నెలల నుంచి ఇరవైనాలుగేళ్ల దాకా వచ్చింది. గోడ 1989 నవంబరులో కూలింది. అంటే ఇరవై ఏళ్లకు! గాట్ ఈ ఆలోచనను 1993లో 'నేచర్' పత్రికలో అచ్చువేశాడు. న్యూయార్క్‌లో అప్పుడు ఆడుతున్న నాటకాలు ఎన్నాళ్లు ఆడతాయో కూడా ఇదే లెక్కతో అంచనా వేసి చూశాడు.

మన సీరియల్స్‌కు ఈ లెక్క వేద్దామా? 2025 డిసెంబరుకు సింప్సన్స్‌కు 36 ఏళ్లు. మూడో వంతు 12, మూడు రెట్లు 108. అంటే ఇంకో పన్నెండేళ్ల నుంచి నూట ఎనిమిదేళ్ల దాకా నడిచే అవకాశం సగం. సజాఏ సాన్‌కు 56 ఏళ్లు నిండాయి. దానికి సుమారు 19 నుంచి 168 ఏళ్లు వస్తుంది. నిరుడు మొదలైన కొత్త సీరియల్‌కైతే నాలుగు నెలల నుంచి మూడేళ్లే. ఇందులో ఓ మంచి సంగతి ఉంది, గమనించారా? ఎంత ఎక్కువ కాలం నిలబడితే, ఇంకా ఎక్కువ కాలం నిలబడుతుందని అంచనా పెరుగుతుంది. మొదటి రెండేళ్లలో మూతబడ్డ సీరియల్స్ కోకొల్లలు. ముప్ఫై దాటింది అంటే అందులో ఏదో గట్టి సరుకు ఉన్నట్టే.

అయితే ఈ లెక్కను గుడ్డిగా నమ్మకూడదు. ఒక వస్తువు గురించి మనకు ఏమీ తెలియనప్పుడే ఇది పనికొస్తుంది. 75 ఏళ్ల మనిషికి ఇదే లెక్క వేస్తే ఇంకో 25 నుంచి 225 ఏళ్లు అని వస్తుంది. అది తప్పని మీకూ తెలుసు. ఎందుకు తప్పు? మనిషి ఆయుష్షు ఎంతో మనకు ముందే తెలుసు కాబట్టి. ఎప్పుడైనా సరే, తెలిసిన సంగతి ఊహకంటే బలమైనది. మరి బొమ్మల సీరియల్ గురించి మనకేం తెలుసు? దాని లోపల ఏ భాగం అరిగిపోతుంది, ఏది అరగదు? శాస్త్రం చూడాల్సింది అక్కడ.

అరగనిది బొమ్మ

బొమ్మ అరగదు. దాన్ని గీసే పద్ధతి మారుతుందంతే. పాతకాలంలో కార్టూన్ అంటే పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుల మీద ఒక్కో బొమ్మనూ గీసి, రంగులు వేసి, ఒక్కో ఫొటో తీసేవారు. సినిమా రీలు సెకనుకు 24 ఫొటోలు చూపిస్తుంది. ఒక్కో బొమ్మను రెండేసి ఫొటోలకు వాడినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. ప్రకటనలు పోగా అరగంట కార్యక్రమంలో 22 నిమిషాలు మిగులుతుంది. లెక్క వేయండి: 22ను 60తో, దాన్ని 12తో హెచ్చిస్తే 15,840. వారం వారం పదహారువేల బొమ్మలు కొత్తగా గీయడం ఎవరి తరం?

హన్నా, బార్బెరా అనే జంట దీనికి ఓ ఉపాయాన్ని బాగా వాడుకుంది. ఒళ్లు కదపకుండా తల మాత్రం కదిపితే చాలు, ఒంటి బొమ్మ పాతదే వాడుకోవచ్చు. కానీ తల, ఒళ్లు అతికే చోట గీత తెలిసిపోతుందే! అందుకే వాళ్ల యోగి బేర్ అనే ఎలుగుబంటి ఒంటి మీద చొక్కా లేకపోయినా మెడలో కాలరూ టై ఉంటాయి. అతుకు ఆ కాలరు కింద దాక్కుంటుంది. వాళ్లు 1960లో తెచ్చిన 'ఫ్లింట్‌స్టోన్స్' అనే రాతియుగం కుటుంబం కథ 166 భాగాలు నడిచింది. రాత్రివేళ పెద్దలూ పిల్లలూ కలిసి చూసే బొమ్మల సీరియల్స్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా అదే రికార్డు. 1997 ఫిబ్రవరిలో సింప్సన్స్ దాన్ని దాటింది.

ఇప్పుడు రేకులు పోయి కంప్యూటర్ వచ్చింది. సింప్సన్స్ 2002లో రంగులు వేయడాన్ని పూర్తిగా కంప్యూటర్‌కు అప్పగించింది. సజాఏ సాన్ వాళ్లు రేకుల మీద చేత్తో రంగులు వేయడాన్ని 2013 దాకా వదల్లేదు. బొమ్మలు గీసే పనిలో చాలాభాగం సింప్సన్స్ వాళ్లు మొదటినుంచీ దక్షిణ కొరియా స్టూడియోల్లో చేయించుకుంటున్నారు. గీసే చెయ్యి మారినా, గీసే దేశం మారినా బార్ట్ తల మీద ఆ రంపపు పళ్ల లాంటి జుట్టు మారదు. బొమ్మకు కొలతలున్నాయి, నమూనా పటం ఉంది. కాబట్టి ఎవరైనా నేర్చుకుని గీయొచ్చు.

కథలో కాలం సంగతి? దానికీ రెండు దారులున్నాయి. సజాఏ ఇంట్లో ఇప్పటికీ వేలు పెట్టి తిప్పే నల్ల టెలిఫోనే ఉంటుంది. రుతువులు మారతాయి, పండుగలు వస్తాయి, ఇల్లు మాత్రం అప్పటిదే. సింప్సన్స్ దారి వేరు. వాళ్ల ఊళ్లోకి సెల్‌ఫోన్లు వస్తాయి, కొత్త నాయకులు వస్తారు, మనుషులకు మాత్రం వయసు రాదు. 1991లో వచ్చిన ఒక భాగంలో హోమర్, మార్జ్ 1974లో బడిలో కలుసుకున్నారని చూపారు. 2008 భాగంలోకి వచ్చేసరికి వాళ్ల పడుచుకాలం తొంభైల్లోకి జరిగిపోయింది! ఇంకోలా చూడండి. 1989లో బార్ట్‌తో పాటు పదేళ్లున్న పిల్లాడు ఇప్పుడు బార్ట్ నాన్న హోమర్ కంటే పెద్దవాడు.

అరిగేది గొంతు

ఇక అసలు సంగతికి వద్దాం. మీ మెడ ముందు భాగాన మెల్లగా రెండు వేళ్లు ఆనించి 'ఊఁ' అనండి. జుమ్మని అదురుతోంది కదూ? అక్కడున్నది స్వరపేటిక. దాని లోపల రెండు చిన్న కండర మడతలుంటాయి. వాటినే స్వరతంత్రులు అంటాం. ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలి వాటి మధ్యనుంచి దూసుకెళ్తుంటే అవి కొట్టుకుంటాయి. మగవాళ్లలో సెకనుకు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లలో 200 సార్లు, చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువ. ఎంత ఎక్కువసార్లు కొట్టుకుంటే గొంతు అంత సన్నం. మగపిల్లలకు పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి స్వరపేటిక ఒక్కసారిగా పెరుగుతుంది, తంత్రులు పొడవై లావెక్కుతాయి, గొంతు బొంగురుపోయి కొన్నాళ్లకు మగగొంతుగా స్థిరపడుతుంది.

ఇప్పుడు చెప్పండి, పదేళ్ల బార్ట్‌కు నిజమైన పదేళ్ల పిల్లాడితో గొంతు ఇప్పిస్తే ఏమవుతుంది? మూడేళ్లు తిరక్కుండానే ఆ గొంతు మాయమవుతుంది. చార్లీ బ్రౌన్ కార్టూన్లలో నిజం పిల్లలనే పెట్టుకునేవారు. అందుకే పిల్లలు పెరిగినప్పుడల్లా కొత్త పిల్లల్ని వెతుక్కోవాల్సి వచ్చేది. ఆడవాళ్ల గొంతు యౌవనం నుంచి నడివయసు దాకా పెద్దగా మారదు. కాబట్టి మగపిల్లల పాత్రలకు తరచూ ఆడవాళ్లే గొంతిస్తారు. బార్ట్ గొంతు నాన్సీ కార్ట్‌రైట్ అనే ఆవిడది. ఆవిడ మొదట లీసా పాత్ర కోసం పరీక్షకు వెళ్లింది. అక్కడ బార్ట్ గురించి రాసిన కాగితం చూసి, ఇది నాకివ్వండి అంది. గ్రేనింగ్ అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. 1957లో పుట్టిన ఆవిడ ఇప్పటికీ పదేళ్ల అల్లరి పిల్లాడే.

కానీ 'పెద్దగా మారదు' అన్నది నడివయసు దాకానే. వయసు మీద పడేకొద్దీ స్వరతంత్రుల్లోని కండరం పలచబడుతుంది. సాగే గుణం తగ్గి బిరుసెక్కుతుంది. రెండు మడతలూ పూర్తిగా మూసుకోక మధ్యలో గాలి జారిపోతుంది. పెద్దవాళ్ల గొంతు గీరగా, గాలిగా, వణుకుతూ వినిపించేది ఇందుకే. ఇంకో వింత ఏమిటంటే వయసుతో ఆడవాళ్ల గొంతు కాస్త కిందికి దిగుతుంది, మగవాళ్ల గొంతు కాస్త పైకి లేస్తుంది. సింప్సన్స్‌లో మార్జ్‌కు గొంతిచ్చే జూలీ కావ్నర్ 1950లో పుట్టింది. ఊరిలో సగంమంది పెద్దమనుషులకు గొంతిచ్చే హ్యారీ షియరర్ 1943లో పుట్టాడు. మార్జ్ తొలినాళ్ల మాటలూ ఈనాటి మాటలూ పక్కపక్కన పెట్టి వినండి, బొమ్మకు రాని వయసు గొంతులో వినబడుతుంది.

అమెరికా పద్ధతిలో ఈ గొంతు ఇంకా ముఖ్యం. అక్కడ ముందు నటులంతా మాటలు రికార్డు చేస్తారు, ఆ మాటలకు తగ్గట్టు తర్వాత పెదవులూ కళ్లూ చేతులూ గీస్తారు. హోమర్ నిట్టూరిస్తే ఆ నిట్టూర్పు ఎంత పొడవుందో బొమ్మ భుజాలు అంతసేపు కిందికి జారతాయి. జపాన్‌లో ఎక్కువగా బొమ్మ ముందు, గొంతు తర్వాత. ఏ పద్ధతిలోనైనా ప్రాణం పోసేది గొంతే.

సజాఏకు గొంతిచ్చే మిదోరి కాతో 1939లో పుట్టింది. 1969లో మొదటి భాగం నుంచీ ఆవిడే. మూడేళ్ల తారా చాన్‌కు గొంతిచ్చిన తకాకో ససుగా కూడా మొదటి రోజు నుంచీ ఉంది. 2023 ఫిబ్రవరిలో, 87 ఏళ్ల వయసులో ఆవిడ కాలం చేసింది. యాభైమూడేళ్ల పాటు మూడేళ్ల పిల్లాడి ముద్దుమాటలు పలికిన మనిషి! ఏ రాజుగారి పట్టాభిషేకం గురించి చదివినా నాకు ఇంత ఆశ్చర్యం, ఇంత గౌరవం కలగలేదు.

గొంతు ఆగినప్పుడు

మరి అలాంటి గొంతు ఆగిపోతే ఏం చేస్తారు? రెండు దారులు. ఒకటి, పాత్రను కూడా మౌనంగా సాగనంపడం. 1998 మే నెలలో ఫిల్ హార్ట్‌మన్ అనే నటుడు హత్యకు గురయ్యాడు. సింప్సన్స్ వాళ్లు ఆయన పలికిన రెండు ముఖ్య పాత్రలను ఇంకెవరికీ ఇవ్వలేదు, తెర మీదినుంచే తీసేశారు. 2013 అక్టోబరులో బార్ట్ క్లాసు టీచరమ్మకు గొంతిచ్చిన మార్సియా వాలెస్ చనిపోయింది. ఆ సీరియల్‌లో భాగం మొదలయ్యేటప్పుడు బార్ట్ శిక్షగా నల్లబల్ల మీద ఇంపోజిషన్ రాస్తుంటాడు, అదే వాక్యం పదే పదే. ఆవిడ పోయిన తర్వాతి వారంలో వాడు బల్ల మీద ఒక్క వాక్యమే, ఒక్కసారే రాశాడు. టీచరమ్మ లేని లోటు చెప్పే వాక్యం అది. వాడి మొహంలో అల్లరి లేదు. ఆ టీచరమ్మ పాత్రను కూడా ఇంకెవరికీ ఇవ్వలేదు.

రెండో దారి, అప్పగింత. జపాన్‌లో 1979 నుంచి డోరేమాన్ అనే కార్టూన్ బొమ్మకు గొంతిచ్చిన నోబుయో ఓయామాతో సహా ముఖ్యమైన వాళ్లందరూ 2005లో ఒకేసారి తప్పుకుని కొత్తవాళ్లకు దారిచ్చారు. డోరేమాన్ ఆగలేదు. షించాన్ గొంతు 2018లో మారింది. బార్ట్ స్నేహితుడు మిల్‌హౌస్‌కు మొదటినుంచీ గొంతిచ్చిన పమేలా హేడెన్ 2024లో విశ్రాంతి తీసుకుంది, ఆ పాత్ర ఇంకొకరి చేతికి వెళ్లింది. తారా చాన్ కూడా కొత్త గొంతుతో మాట్లాడుతున్నాడు.

ఈ గొంతుల మార్పులో ఒక తెలుగువాడి పాత్ర కూడా ఉంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అపూ అనే భారతీయ కొట్టుయజమాని ఉన్నాడు. అతని యాస వెక్కిరింపుగా ఉండేది, ఆ గొంతు హ్యాంక్ అజేరియా అనే తెల్లజాతి నటుడిది. మన తెలుగు తల్లిదండ్రులకు న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన హాస్యనటుడు హరి కొండబోలు 2017లో దీని మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. ఆ యాస పెట్టి బడిలో తోటివాళ్లు ఏడిపిస్తే మన పిల్లలకు ఎలా ఉంటుందో నిలదీసి అడిగాడు. 2020లో అజేరియా ఆ గొంతు ఇవ్వడం మానేశాడు, తర్వాత క్షమాపణ కూడా చెప్పాడు. 2020లోనే ఆ సీరియల్ వాళ్లు తెల్లవాళ్లు కాని పాత్రలకు ఇకపై తెల్లజాతి నటులతో గొంతు చెప్పించబోమని ప్రకటించారు. ముప్ఫై ఏళ్లు నడిచిన దానికి లోకం మారిన సంగతి చెవిన పడాలి. హరి చేసింది దానికి మేలే.

ఈ అప్పగింత మనకు కొత్త కాదర్రా. మన తోలుబొమ్మలాట చూడండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు మీద బొమ్మలు చెక్కి, రంగులద్ది, దీపం వెలుగులో తెరమీద ఆడించే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రామాయణం ఆడుతుంటే మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి జనాన్ని కడుపుబ్బ నవ్విస్తారు. వాళ్లకు ఎన్ని వందల ఏళ్లో ఎవరు చెప్పగలరు? పోలిగాడికి ముసలితనం రాలేదు. తెర వెనుక గొంతు మాత్రం తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వెళ్లింది. పిల్లవాడు పక్కన కూర్చుని ఏళ్ల తరబడి విని, ఆ పలుకు, ఆ విరుపు ఒంటబట్టాకే తెర వెనుకకు చేరాడు. బొమ్మల సీరియల్ వందేళ్లు నడవాలన్నా కావలసింది ఇదే.

డబ్బు, నవ్వు

ఇంకో రెండు సంగతులు చెప్పి ముగిస్తాను. మొదటిది ఖర్చు. ఏళ్లు గడిచేకొద్దీ పాత నటుల జీతం పెరుగుతుంది, టీవీ ముందు కూర్చునేవాళ్లు తగ్గుతారు. సింప్సన్స్ ముఖ్య నటులకు 1998కి ముందు ఒక్కో భాగానికి 30 వేల డాలర్లు ఇచ్చేవారు. పదేళ్లు తిరిగేసరికి అది నాలుగు లక్షలైంది. 2011లో చానల్ వాళ్లు జీతం తగ్గించుకోకపోతే సీరియల్ ఆపేస్తామన్నారు. నటులు తగ్గించుకున్నారు, బండి సాగింది. 2019లో డిస్నీ చేతికి వచ్చాక పాత భాగాలు దాదాపు అన్నీ ఇంటర్నెట్‌లో పెట్టారు. ఈ రోజు పుట్టిన పిల్లలకు 1990 నాటి భాగం కూడా కొత్తదే. పాతది డబ్బు తెస్తున్నంతకాలం కొత్తది తీయడానికి ధైర్యం ఉంటుంది. 'ఫ్యామిలీ గై' అనే సీరియల్‌ను 2002లో మూసేసి, దాని డీవీడీలు విపరీతంగా అమ్ముడుపోవడంతో 2005లో మళ్లీ తెరిచారు.

రెండోది నవ్వు. మెదడు ఎప్పుడూ 'తర్వాత ఏం జరుగుతుంది' అని ముందే ఊహించుకుంటూ ఉంటుంది. ఊహ తప్పి, ఆ తప్పడం వల్ల ప్రమాదమేమీ లేదని తెలిసినప్పుడు నవ్వొస్తుంది. హోమర్ ఏమంటాడో ముందే తెలిసిపోతే ఆ మెరుపు పోతుంది. అలాగని పాతదంతా విసుగు కాదు. రాబర్ట్ జైయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ఒక సంగతి చూపించాడు: ఒకే బొమ్మను, ఒకే మాటను మళ్లీ మళ్లీ చూపిస్తే మనుషులకు దాని మీద ఇష్టం పెరుగుతుంది. మీరు చిన్నప్పుడు అదే కథ మళ్లీ చెప్పమని పట్టుబట్టింది ఇందుకే కాబోలు. మితిమీరితే ఆ ఇష్టం మళ్లీ తగ్గుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కాబట్టి ఎక్కువకాలం నడిచే సీరియల్‌లో పాత్రలు పాతవి ఉండాలి, వాళ్లకొచ్చే కష్టం కొత్తది ఉండాలి. అది రాసేవాళ్ల పని. అక్కడ కూడా కొత్త నెత్తురు రావాల్సిందే.

2024 సెప్టెంబరులో సింప్సన్స్ వాళ్లు 'ఇదే చివరి భాగం' అన్నట్టు ఒక భాగం తీశారు. అది ఉత్తుత్తిదే, తర్వాతి వారం మామూలుగానే నడిచింది. నిజమైన ముగింపు కథ తీయాలన్న ఆలోచనే తమకు లేదని వాళ్లు చెబుతున్నారు. 2025 ఏప్రిల్‌లో ఇంకో నాలుగు సీజన్లకు ఒప్పందం కుదిరింది. అంటే 2029 దాకా ఢోకా లేదు.

ఆ తర్వాత? చనిపోయిన నటుల గొంతునే కంప్యూటర్‌తో అచ్చుగుద్ది వాడుకోవచ్చని ఇప్పుడు కొందరంటున్నారు. సాధ్యమే. 2023లో హాలీవుడ్ నటులు చేసిన సమ్మెలో ఈ కంప్యూటర్ గొంతుల భయం కూడా ఒక కారణం. నా మాట నేను చెబుతాను: అది చేయకూడదు. కంప్యూటర్‌కు పాత గొంతు ఎలా పలికిందో తెలుసు. రేపు వచ్చే కొత్త నవ్వుకు ఎలా పలకాలో మనిషికే తెలుసు. పైగా ఒక పిల్లవాడు పక్కన కూర్చుని నేర్చుకునే చోటును అది మింగేస్తుంది.

కాబట్టి 'ఎన్నేళ్లు నడుస్తుంది' అని అడిగితే నా జవాబు ఇది. బొమ్మ వల్ల ఏ సీరియలూ ఆగదు. ఖర్చు పెరిగితే తగ్గించుకోవచ్చు, కథ అరిగితే కొత్తవాళ్లు రాయొచ్చు. పాత గొంతు ఆగేలోపు కొత్త గొంతును తయారుచేసుకోనిది మాత్రం ఆగిపోతుంది. తయారుచేసుకున్నది గాట్ లెక్కలో మూడు రెట్ల చివరిదాకా కూడా వెళ్లగలదు.

మీరు చేయాల్సింది ఒక్కటుంది. ఏ కార్టూన్ అయినా చివర్లో పేర్లు గబగబా పైకి వెళ్తుంటాయి, మీరేమో వెంటనే చానల్ మార్చేస్తారు. ఈసారి మార్చకండి. మీకు ఇష్టమైన బొమ్మకు గొంతిచ్చింది ఎవరో ఆ పేరు చదివి గుర్తుపెట్టుకోండి.